మాత్ర పుట్టించిన కోరిక మనిషిదా, మాత్రదా?

కావలి_పిల్లోడు:

అందరికీ నమస్తే. ఇది డాక్టర్లని అడగాల్సిందో స్వాములోర్ని అడగాల్సిందో తెలీక ఇక్కడ పెడతా ఉండా. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

మా నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారుగా చేసి రిటైర్ అయినాడు. కావలి పక్కన పల్లె మాది. సంక్రాంతికి ఊరంతా పేకాటలో మునిగుంటే ఈయన ఒక్కడే అరుగు మీద కూర్చోని పేపర్ చదువుకుంటా ఉంటాడు, పెళ్ళిళ్ళలో విడిదింట్లో కూడా ముక్క పట్టింది నేను చూళ్ళా. అట్టాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది. కుడిచెయ్యి వణుకు, అడుగు తియ్యాలంటే పాదాలు నేలకి అంటుకుపోవడం. నెల్లూర్లో చూపిస్తే మందులు రాశారు, బాగా పనిచేసినాయి, బ్యాంకు వాళ్ళు కలవలేదని తిప్పి పంపించే సంతకం మళ్ళీ ఆయన సంతకంలాగే పడ్డం మొదలైంది, మేమంతా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ వెలుగు. నిద్ర పట్టక వీడియోలు చూస్తా ఉండాడులే అనుకునింది అమ్మ. తీరా చూస్తే రమ్మీ. మన రాష్ట్రంలో అది నడవకూడదు కదా, ఈ వయసులో ఈయన యాడ పట్టాడో ఎట్టా ఎక్కించుకున్నాడో నాకిప్పటికీ అంతుబట్టదు. ముందు చిల్లర, తర్వాత పెన్షన్ పడ్డ రోజే ఖాళీ, ఆఖరికి అమ్మ గాజులు తాకట్టుకి పోయినాయి. నిలదీస్తే సిగ్గు లేదు, పైగా కోపం. ఇంకో సంగతి చెప్తా, నన్ను ఎక్కువ తినేస్తా ఉండేది ఇదే. ఒకరోజు నేను గట్టిగా అడిగితే నోట్‌బుక్ తీసి, ప్రతి ఆటకీ వాళ్ళు కోసుకునే వాటా ఎంత, ఎన్ని ఆటలకి చేతిలో డబ్బు ఎంతకి దిగిపోద్ది అని గళ్ళు కొట్టి నీటుగా లెక్క కట్టి చూపించాడు, "చివరికి అందరూ పోగొట్టుకోవాల్సిందే రా అబ్బయ్యా" అని తనే చెప్పాడు, అదే రాత్రి మళ్ళీ ఆడినాడు.

తర్వాత చెకప్‌కి పోతే డాక్టరమ్మ తనంతట తనే అడిగింది, ఈ మధ్య జూదం, కొనుగోళ్ళు, తిండి ఇట్టాంటివి ఏమన్నా హద్దు దాటినాయా అని. అమ్మ ఆడే ఏడ్చేసింది. ఉన్న మందుల్లో ఒకదాన్ని మెల్లగా తగ్గించుకుంటా వచ్చి తీసేశారు. కొన్ని వారాలకి ఆ యావ పోయింది. పోవడమంటే అదుపు చేసుకోవడం కాదు, అసలు గుర్తుకే రావడంలా ఆయనకి. యాప్ ఆయనే తీసేసుకున్నాడు, మాకు చెప్పను కూడా లేదు.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ. చిన్నాయన అనేది, అది మందు చేసిన పని, అన్నని ఒక్క మాట అనొద్దు అని. అమ్మేమో "మందుకి నా గాజులు యాడుండాయో ఎట్టా తెలిసింది" అంటది. నాయన మాట అన్నిటికన్నా వింత, "ఎవరో లోపలికొచ్చి ఆడించినట్టు ఏం లేదు రా, ఆకలేస్తే నీకెట్టుంటదో అట్టే ఉన్నింది, ఆ కోరిక నాదే" అంటాడు.

నా ప్రశ్న ఏందంటే, మిల్లీగ్రాముల లెక్కన వచ్చి మిల్లీగ్రాముల లెక్కన పోయే కోరిక మనిషిది ఎట్టా అవుద్ది? సరే అది ఆయనది కాదు అనుకుందాం, అట్టయితే ఆయనకి లెక్కలంటే ఉండే ప్రాణం, నాకు బిడ్డల మీద ఉండే ప్రేమ, అవి మాత్రం ఏ రసాయనం మీద నిలబడి ఉండాయో ఎవరు చూసొచ్చారు? రాత్రి ఇదే ఆలోచిస్తా పడుకుంటే నిద్ర రావడంలా.


మందులషాపు_అక్క_నెల్లూరు:

తమ్ముడూ, నీకు జవాబు చెప్పే ముందు మిగతా వాళ్ళకి ఒక మాట. ఇంట్లో ఎవరన్నా పార్కిన్సన్స్ మందులు వాడతా ఉంటే ఇది చదివి భయపడి సొంతంగా ఆపెయ్యొద్దు. ఒక్కసారిగా ఆపితే దిగులు, చెమటలు, గుండెదడ, ఒళ్ళు బిగుసుకుపోవడం, ఆ అగచాట్లు వేరే. డాక్టరే మెల్లగా దించాలి.

పొగతోటలో మందుల షాపులో కూర్చుంటా నేను, ఈ చీటీలు రోజూ వస్తాయి. మీ నాయనకి రాసింది ప్రామిపెక్సోల్ గానీ రోపినిరోల్ గానీ అయ్యుంటది. డోపమైన్ అంటే మెదడులో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం. ఇవి డోపమైన్ కాదు, డోపమైన్ పోయి తట్టాల్సిన తలుపులు ఇవి పోయి తడతాయి. 2010లో అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ పేషెంట్లని చూస్తే 13.6 శాతం మందిలో జూదమో, అదుపు లేని షాపింగో, తిండి యావో, ఆడమగ యావో ఏదో ఒకటి కనపడింది. ఈ రకం మందు వాడేవాళ్ళలో 17.1 శాతం, వాడనివాళ్ళలో 6.9. కాబట్టి మీ నాయన ఒక్కడే చేసిన ఘనకార్యం కాదిది, సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పనివాళ్ళు ఇంకెంతమందో.

ఇక లెక్క కట్టి చూపించి అదే రాత్రి ఆడ్డం, దానికి కొంచెం వివరం ఉంది. ఈ జబ్బులో డోపమైన్ కణాలు చచ్చిపోయేది ముందు ఒళ్ళు కదిలించే దారిలో. కావాలి, ఇంకా కావాలి అనిపించే దారి చాలాకాలం బాగానే ఉంటది. చెయ్యి వణుకు ఆగడానికి సరిపోయే డోసు ఆ రెండో దారికి ఎక్కువైపోతుంది. ఇంకోటి, మామూలుగా అనుకున్నదానికన్నా ఎక్కువ వస్తే డోపమైన్ ఎగురుద్ది, అనుకున్నది రాకపోతే పడిపోద్ది, ఆ పడ్డమే మనకి ఇది వద్దు అని నేర్పేది. మందు లోపల ఉన్నప్పుడు తలుపు ఎప్పుడూ తడతానే ఉంటది, పడ్డం అనేది తెలీదు. 2004లో మైకేల్ ఫ్రాంక్ అనే ఆయన బృందం పార్కిన్సన్స్ వాళ్ళ మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది, మందు మీద ఉన్నప్పుడు గెలుపు నుంచి బాగా నేర్చుకున్నారు, ఓటమి నుంచి నేర్చుకోలా. మందు లేనప్పుడు తిరగబడింది. మీ నాయనకి లెక్క తెలుసు, పోగొట్టుకుంటానని తెలుసు, ఆ తెలిసింది చేతిదాకా రాలా.

మనసా రసాయనమా అంటావా, మా జేజి సంగతి చెప్తా. బీపీకి వాడే నీరు పోయే మాత్ర వల్ల ఒంట్లో సోడియం పడిపోయింది, 135 పైన ఉండాల్సింది 118. నన్ను పట్టుకుని చనిపోయిన వాళ్ళ చెల్లెలి పేరు పెట్టి పిలవడం, గోడమీద చీమలు పాకతా ఉన్నాయని దులపడం, అందరూ మతిమరుపు జబ్బు వచ్చేసింది ఇంక అంతే అన్నారు. ఆస్పత్రిలో మెల్లగా సోడియం పెంచారు, జేజి వచ్చేసింది. మొగుణ్ణి తిట్టే తిట్టు కూడా ఒక్క అక్షరం పోకుండా వచ్చేసింది. ఉప్పు తమ్ముడూ ఉప్పు.


కందుకూరు_టు_బెంగళూరు:

బ్రో సింపుల్, మెదడు హార్డ్‌వేర్, మనసు సాఫ్ట్‌వేర్. అంకుల్‌కి ఒక సెట్టింగ్ మారింది, మళ్ళీ రీసెట్ చేశారు, దీనికి నిద్ర పోగొట్టుకోవడం ఎందుకు. 2024లో ఈగ మెదడు వైరింగ్ మొత్తం మ్యాప్ చేసేశారు, దాదాపు 1,40,000 న్యూరాన్లు, అంటే నరకణాలు, 5 కోట్ల కనెక్షన్లు. అదే సంవత్సరం జనవరిలో న్యూరాలింక్ వాళ్ళు మెడ కింద చచ్చుబడిన మనిషి తలలో చిప్పు పెడితే ఆయన తలచుకుని కర్సర్ కదిలించి చెస్ ఆడినాడు. ఇవాళ ఈగ, రేపు ఎలుక, ఎల్లుండి మనం, మొత్తం కాపీ కొట్టి సర్వర్లో పెట్టుకోవచ్చు. నేను నేను అనేది ఒక ఫైలు. వినడానికి బాగోదు గానీ అంతే.


ఒంగోలు_జువాలజీ_మాస్టారు:

కందుకూరు నాయనా, ఈగ దాకా ఎందుకు, దానికన్నా చాలా చిన్నది సీ ఎలిగాన్స్ అని మిల్లీమీటరు పొడుగు పురుగు ఉంది, దానికి ఉండేదే 302 నరకణాలు. వాటి వైరింగ్ మొత్తం 1986లోనే అచ్చు వేశారు. ఇన్నేళ్ళయినా అచ్చం ఆ పురుగులాగా మసిలే కంప్యూటర్ పురుగు తయారు కాలేదు. కారణం నువ్వు తేలిగ్గా తీసేసిన చోటే ఉంది. వైరింగ్ పటంలో ఏది దేనికి కలిసిందో కనపడుద్ది, ఆ కలయిక ఎంత గట్టిదో కనపడదు, పైన డోపమైన్ లాంటివి వచ్చి అదే వైరింగ్ చేత వేరే పని చేయిస్తాయి, అదీ కనపడదు. మందులషాపు అమ్మాయి చెప్పింది సరిగ్గా దాని గురించే. పైగా నీ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం నడిస్తే చిప్పు ఆకారం మారదు, నువ్వు ఒక ఎక్కం నేర్చుకుంటే మాత్రం నీ నరాల కలయికలే మారిపోతాయి. నేర్చుకున్నది ఎక్కడ, నేర్చుకున్న వస్తువు ఎక్కడ, గీత గియ్యి చూద్దాం.

ఇక కావలి అబ్బాయికి. నువ్వు పడుతున్న బాధ యూరపు వాళ్ళది ఎక్కువ, మనది తక్కువ అని నా అభిప్రాయం, ఎవరికన్నా కోపమొస్తే రానీ. డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త 1641లో పుస్తకం రాసి మనసు వేరు, జాగా ఆక్రమించే పదార్థం వేరు అని రెండుగా కోశాడు. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకి ఉత్తరం రాసింది, జాగా లేనిది, తాకడానికి వీల్లేనిది శరీరాన్ని ఎట్లా కదిలిస్తుందో చెప్పమని. ఉత్తరాలు చాలా నడిచినాయి, ఆమె అడిగినదానికి మాత్రం ఆయన దగ్గర నికరమైన జవాబు లేదు. ఆ కోత మీద నిలబడే మనం ఇవాళ మందు చేసిందా మనిషి చేశాడా అని అడుగుతున్నాం.

ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి చెప్పిన మాట, "అన్నమయం హి సోమ్య మనః". మనసు అన్నంతో అయింది నాయనా అని. చెప్పి ఊరుకోలేదు, ప్రయోగం పెట్టాడు. 15 రోజులు తిండి మానేసి నీళ్ళు మాత్రం తాగమన్నాడు. తర్వాత వేదం చెప్పమంటే పన్నెండేళ్ళు చదువుకున్న పిల్లాడికి ఒక్క ముక్క తోచలేదు. తిని రా పో అన్నాడు, తిని వచ్చాడు, అడిగినవన్నీ చెప్పాడు. జేజమ్మ సోడియం కథకీ దీనికీ తేడా ఏముంది చెప్పండి. సాంఖ్యం అనే పాత దర్శనంలో ఇంకా తెగేసి చెప్పారు, మనసు, బుద్ధి, నేను అనుకునే అహంకారం, మూడూ ప్రకృతి సరుకే, అంటే జడం. చూసేవాడు ఒక్కడే వేరు.

ఆ చూసేవాడు కూడా వద్దన్నవాళ్ళు లోకాయతులు, అంటే పదార్థం తప్ప వేరే ఆత్మ లేదన్న పాతకాలం నాస్తికులు. తమలపాకు ఎర్రన కాదు, వక్క ఎర్రన కాదు, సున్నం తెలుపు, మూడూ కలిపి నమిలితే నోరు పండుద్ది, చైతన్యం అంతే అన్నారు. వాళ్ళని తిట్టడానికి రాసిన గ్రంథాల్లోనే ఈ మాట మనదాకా వచ్చింది, అదొక విచిత్రం. నాకు ఆ పోలికంటే ఇష్టమే గానీ, నోరు పండిందని చూసి చెప్పడానికి ఇంకో మనిషి ఉండాలి కదా అని ఎప్పుడూ ఒక అనుమానం.

మీ నాన్నగారు కోరిక నాదే అన్నారే, నేను ఆయన మాటే నమ్ముతా. కోరికకి కారణం బయటినుంచి వచ్చినంత మాత్రాన పరాయిది అయిపోదు, అన్నం కూడా బయటినుంచి వచ్చేదే. ఆయన లోపల రెండున్నాయి, ఆడమనేది ఒకటి, పోగొట్టుకుంటావని నోట్‌బుక్కులో రాసింది ఒకటి. మందు మొదటిదాన్ని పెంచింది. రెండోదాన్ని ముట్టుకోలేదు.


మందులషాపు_అక్క_నెల్లూరు:

మాస్టారూ మీరు చెప్పింది బాగుంది గానీ ఆ చూసేవాడి దగ్గర నాకు అడ్డం పడతా ఉంది. మా జేజికి ఆ నాలుగు రోజులు చూసేవాడు కూడా లేడు. ఏమీ గుర్తు లేదు ఆమెకి. సోడియం ఆయన్ని కూడా తీసుకుపోయింది కదా?


ఒంగోలు_జువాలజీ_మాస్టారు:

గుర్తు లేకపోవడం వేరు, లేకపోవడం వేరమ్మా. గాఢనిద్రలో ఏమీ తెలీదు, లేచి హాయిగా పడుకున్నా అంటాం, ఆ హాయి ఎవరికి తెలిసింది అని పాతవాళ్ళ వాదం.


మందులషాపు_అక్క_నెల్లూరు:

ఒళ్ళు తేలిగ్గా ఉంటే లేచినాక అట్టా అంటాం మాస్టారూ, నాకైతే ఎక్కలా. పోనీండి.


ప్లీడరు_గుమస్తా:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. చట్టం దీన్ని ఎట్టా చూస్తదో చెప్తా. 2024 జూలై 1 నుంచి నడిచే భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ మతిస్థిమితం లేనివాడి గురించి, 23 వచ్చి తనకి తెలీకుండానో ఇష్టం లేకుండానో ఎవరన్నా మత్తు పట్టిస్తే దాని గురించి. పాత ఐపీసీలో 84, 85. రెండిట్లోనూ అడిగేది ఒకటే, చేసేది ఏందో, అది తప్పో కాదో తెలుసుకునే శక్తి ఆ టైంలో ఉన్నిందా లేదా. కోరిక యాడనుంచి వచ్చింది అని ఈ సెక్షన్లు అడగవు. నోట్‌బుక్ లో లెక్క కట్టి చూపించిన మనిషి తెలీక చేశా అంటే జడ్జి నవ్వుతాడు. మీ ఇంట్లో అమ్మగారే జడ్జి కాబట్టి మీ కేసు వేరేలే.


సింగరాయకొండ_ఫిజియో:

అందరూ ఒకే వైపు నుంచి చూస్తా ఉన్నారు, పదార్థం మనసుని ఎట్టా ఆడిస్తదీ అని. రెండో వైపు నేను రోజూ చూస్తా.

మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తాడు, సముద్రం మీద వేటకి పోయిన మనిషి, పార్కిన్సన్స్. వరండాలో నడుస్తా వచ్చి గడప దగ్గర బిగుసుకుపోతాడు. పాదాలు వణుకుతాయి గానీ లేవవు, పైన ఒళ్ళు ముందుకి వాలిపోద్ది, వెనక నుంచి తొయ్యబోతే పడిపోతాడు. ఈ జబ్బులో గడపలు, ఇరుకు సందులు, మలుపులు, ఇవే పెద్ద గండాలు. వాళ్ళావిడకి సుద్దముక్క ఇచ్చి, గడపకి ఇటు అటు నేల మీద ఆయన అడుగంత ఎడం పెట్టి అడ్డగీతలు గియ్యమన్నా. ఆమె ఊరుకుంటదా, మొదటిరోజు గీతలకి చివర్న ముగ్గు చుక్కలు కూడా పెట్టింది. ఆయన గీత వైపు చూశాడు, కాలు లేచింది, గీత దాటింది, ఇంకో గీత, ఇంకో గీత, గడప దాటేశాడు. ఒంట్లోకి ఒక్క మిల్లీగ్రాము మందు అదనంగా పోలా. సుద్దగీత కంటికి కనపడింది, దాటాలి అనుకున్నాడు, అంతే. తనంతట తాను నడిచే అడుగుకి వాడే దారి పాడైంది, చూసి అనుకుని వేసే అడుగుకి మెదడులో వేరే దారి ఉంది, అది బాగానే ఉంది. మతలబు ఇదీ.

ఇంకోటి, 2001లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు పార్కిన్సన్స్ పేషెంట్లకి ఉత్తుత్తి మందు ఇచ్చి మెదడు స్కాన్ తీశారు. అసలు మందు పడి ఉండొచ్చు అని వాళ్ళు నమ్మారు. వాళ్ళ మెదడులోంచి వాళ్ళ సొంత డోపమైన్ బయటికి వచ్చింది, స్కాన్ లో కనపడింది. అంటే అక్క చెప్పిన ఆ డోపమైన్ ఆశ పుట్టిస్తది నిజమే, ఆశ పడినా డోపమైన్ పుడతది. ఎవరు గుర్రం ఎవరు రౌతు అని అడిగితే నేనైతే చెప్పలేను.


కందుకూరు_టు_బెంగళూరు:

ఫిజియో అన్నా, ఆశ కూడా న్యూరాన్లే కదా, ఒక న్యూరాన్ల గుంపు ఇంకో గుంపుని కదిలించింది, మళ్ళీ మెటీరియలే గెలిచింది.


సింగరాయకొండ_ఫిజియో:

గెలవనీ తమ్ముడూ. పేషెంటుకి నేను "మీ ఫలానా న్యూరాన్ల గుంపుని కదిలించండి" అని చెప్పలేను కదా, "గీత చూసి దాటు పెద్దాయనా" అంటేనే కదిలేది.


పొదిలి_నుంచి_వచ్చా:

నేను ఇట్టాంటి ఆటల యాప్ ఒకదాంట్లో కస్టమర్ సపోర్టు చేసి మానేశా, పేరు అడగొద్దు. మీరంతా మాత్ర గురించే కొట్టుకుంటా ఉన్నారు, దుప్పట్లో వెలిగింది మాత్ర కాదు కదా, ఫోను.

మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపేసింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి డబ్బులు పెట్టి ఆడే ఆటలు నిషేధిస్తా చట్టం తెచ్చింది. అయినా లొకేషన్ మార్చుకునో ఎవడో లింకు పంపితేనో ఆడేవాళ్ళు ఆడతానే ఉండారు. లోపల ఉండి నేను చూసింది చెప్తా. ఒక మనిషి రోజూ రాత్రి పదకొండుకి వస్తాడు అని తెలిస్తే మెసేజ్ పదీ యాభైకి పోద్ది. నాలుగు రోజులు రాకపోతే ఖాతాలో ఊరికే కొంత డబ్బు వేసి రా రా అంటది. వరసగా ఓడితే బోనస్. గెలిస్తే బాణసంచా, గంటలు, స్క్రీనంతా బంగారం రంగు, ఓడితే చప్పుడు చెయ్యకుండా వెంటనే ఇంకో టేబుల్. అక్క చెప్పిందే, ఓడినప్పుడు పడాల్సింది పడకూడదు. మాత్ర లోపలినుంచి చేసేది వీళ్ళు బయటినుంచి చేస్తా ఉన్నారు, మీ నాయనకి రెండూ ఒకేసారి తగిలినాయి. నాకు తెలిసి ఏ మాత్రా మింగని డిగ్రీ పిల్లోళ్ళు కూడా సపోర్టుకి ఫోన్ చేసి, సార్ నా అకౌంటు మూసెయ్యండి, నేను మళ్ళీ అడిగినా తెరవొద్దు అని ఏడ్చిన కాల్స్ నేనే విన్నా. తెరవమని వాళ్ళే మళ్ళీ చేసేవాళ్ళు, అదే వారంలో.

కాబట్టి మనసు పదార్థమా కాదా అనేది నాకు పెద్ద బాధ కాదు, కదిలిద్ది అని తెలిసినాక కదిలించేవాడు ఎవడు అనేది నా బాధ. డాక్టరమ్మ మీ నాయన్ని కూర్చోబెట్టి ఏమన్నా తేడాగా ఉందా అని అడిగింది, డోసు తగ్గించింది. అడగడానికి ఆ యాప్‌లో ఎవరూ లేరు. అడగాల్సిన సీట్లో నన్ను కూర్చోబెట్టి నాకు రాసిచ్చిన జవాబుల కాయితంలో "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అని ఉన్నింది.


కావలి_పిల్లోడు:

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారని అనుకోలా. పొదిలి అన్న పోస్టు, ఫిజియో అన్న పోస్టు నాయనకి చదివి వినిపించా. పొదిలి అన్నది విని చాలాసేపు మాట్లాళ్ళా, తర్వాత నోట్‌బుక్ తెమ్మని, ఆ బోనస్ అంతా ఏ రోజుల్లో పడిందో బ్యాంకు మెసేజీలు పెట్టుకుని రాసుకుంటా కూర్చున్నాడు, "నేను ఓడిన వరస చూసి ఇచ్చాడు రా వాడు" అని కేకలు. ఏటీఎం కార్డు మాత్రం తనే అమ్మ చేతికిచ్చాడు. మందు లేదు కదా ఇప్పుడు నీకెందుకు భయం అంటే, "రేపు ఇంకో మందు రాస్తారు, అప్పుడు నాకేం కావాలనిపిస్తదో ఇప్పుడు నాకెట్టా తెలుసు" అన్నాడు. ప్లీడరు అన్నా, అమ్మ తీర్పు ఇంకా రాలేదు, గాజులు విడిపించేదాకా వాయిదా అంట.

అసలు విషయం, ఆ మందు తీసేశాక వణుకు మళ్ళీ ఎక్కువైంది. డాక్టరమ్మ డీబీఎస్ ఆపరేషన్ గురించి ఆలోచించుకోమంది, మెదడులో కరెంటు తీగ పెట్టేది. నాయన అడిగింది ఒకటే, స్విచ్చి ఎవరి చేతిలో ఉంటది అని. నాకూ అదే భయం. మాత్రకే ఇంత అయితే కరెంటుకి ఇంకెంత?


మందులషాపు_అక్క_నెల్లూరు:

తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు, నాకు తెలిసిన కాడికి చెప్తా. 1987లో ఫ్రాన్సులో గ్రెనోబుల్ డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇవాళ మన హైదరాబాదులో కూడా చేస్తా ఉన్నారు. తలలో సన్నటి తీగ, మెడ పక్కనుంచి చర్మం కిందగా దింపి కాలర్ ఎముక కింద చిన్న బ్యాటరీ పెట్టె. సెకనుకి సుమారు 130 సార్లు కరెంటు. తీగ పెట్టేటప్పుడు చాలా చోట్ల మనిషిని మెలకువగానే ఉంచుతారు, చెయ్యి చాపు, మాట్లాడు అని చూసుకుంటా పెడతారు. తర్వాత డాక్టరు బయటినుంచి సెట్టింగులు మారుస్తారు, ఇంటికి ఒక చిన్న కంట్రోలరు ఇస్తారు, డాక్టరు పెట్టిన హద్దుల్లోనే అది పనిచేసుద్ది.

భయం గురించి అబద్ధం చెప్పను. 1999లో పారిస్‌లో ఒకామె కేసు అచ్చయింది, 65 ఏళ్ళు, జన్మలో దిగులు జబ్బు లేదు. తీగలో ఒక బిందువు దగ్గర కరెంటు పెట్టగానే క్షణాల్లో తల వాల్చి ఏడవడం, బతకాలని లేదు అనడం. కరెంటు ఆపేసిన 90 సెకన్లలోపే మామూలు మనిషి. అది అనుకున్న చోటికి కొంచెం కింద ఉన్న బిందువు, వేరే బిందువు మీద ఆమె వణుకు బాగానే తగ్గింది. అందుకే సెట్టింగు పెట్టే రోజుల్లో నువ్వో అమ్మో పక్కనే ఉండండి, వణుకు తగ్గిందా లేదా అని ఒక్కటే చూడొద్దు, మనిషి మాట, నవ్వు, కోపం ఎట్టున్నాయో రాసి పెట్టుకోండి, నోట్‌బుక్ ఎట్టాగూ ఉంది కదా మీ ఇంట్లో. మంచి వైపు ఏందంటే ఆపరేషన్ బాగా కుదిరితే మందులు చాలావరకు తగ్గించేస్తారు, దానివల్ల జూదం యావ లాంటివి తగ్గినవాళ్ళున్నారు. కొద్దిమందికి కొత్తగా తొందరపాటు వచ్చింది కూడా ఉంది.

ఆపరేషన్‌కి ముందు జ్ఞాపకం, మూడ్ అన్నీ పరీక్ష చేస్తారు. ఆ రోజు రమ్మీ సంగతి మొత్తం చెప్పండి, ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది. పరువు పోద్దని దాచేవాళ్ళే ఎక్కువ. పాత చీటీలు ఉంటే ఫైల్లో పెట్టుకో, లేకపోతే ఆ షాపులో అడుగు, బిల్లులు కంప్యూటర్లో ఉంటాయి, తీసిస్తారు.